చేనుకు పూతమందు... ఒంట్లోకి పోతే విషం

మిరప తోటలు పూతకు వచ్చే కార్తీక, మార్గశిర మాసాల్లో గుంటూరు, పల్నాడు పల్లెల్లోని పురుగుమందుల కొట్ల ముందు ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "పూత రాలిపోతోంది, నిలిచే మందు ఏదైనా వుంటే ఇవ్వండి" అని. కొట్టులో బల్లమీదికి వచ్చే సీసాల్లో ఒక రకం వుంది. దానిమీద పూల గుత్తుల బొమ్మ, నిండుగా కాసిన కొమ్మ బొమ్మ వుంటాయి. పేర్లు రకరకాలు. రైతు మాటలో మాత్రం దాని పేరు పూతమందు, లేదా టానిక్కు.

ఇది పురుగును చంపేది కాదు, తెగులును ఆపేది కాదు. అందుకే ఇది విషం కాదన్న నమ్మకం ఊళ్ళలో పాతుకుపోయింది. పురుగుమందు డబ్బాను గొడ్ల చావిట్లో పిల్లలకు అందకుండా చూరులో దోపే ఇళ్ళలోనే ఈ సీసా వసారా కిటికీలో వుంటుంది. టానిక్కు అన్న మాట చేసే మేలు కంటే చేసే చెరుపు ఎక్కువ. బలానికి తాగే మందును కూడా మనం టానిక్కు అనే అంటాం కదా!

సీసా వెనక చిన్న అక్షరాల్లో అసలు సంగతి వుంటుంది. అందులో వున్నది నైట్రోబెంజీన్. సాధారణంగా 20 శాతం, కొన్నింటిలో 35 శాతం. మిగిలినది దాన్ని నీళ్ళలో కలిసేలా చేసే సబ్బులాంటి ద్రవం. లీటరు నీటికి రెండు మూడు మిల్లీలీటర్ల చొప్పున కలిపి మిరప, పత్తి, వంగ, టమాటా తోటలకు పిచికారీ చేస్తున్నారు. ఈ నైట్రోబెంజీన్ మనిషి ఒంట్లోకి చేరితే నెత్తురు రంగు మారుతుంది. ఎర్రటి నెత్తురు చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. పెదవులు, గోళ్ళు నేరేడు పండు రంగుకు వస్తాయి. విషం తాగి ఈ స్థితిలో వచ్చిన రోగుల గురించి గత 25 ఏళ్ళుగా దేశంలోని పలు ఆస్పత్రుల డాక్టర్లు వైద్య పత్రికల్లో రాస్తూనే వున్నారు. సమయానికి సరైన విరుగుడు అందినవారు బతికారు. ఆ సరైన విరుగుడు ఏమిటన్నది తేలాలంటే, తాగింది ఏమిటో డాక్టరుకు తెలియాలి.

బాదం వాసన, బూటు పాలిష్ వాసన

నైట్రోబెంజీన్ లేత పసుపు రంగులో నూనెలా వుండే ద్రవం. నీళ్ళకంటే బరువు. మూత తీస్తే చేదు బాదం పప్పు వాసన వస్తుంది. కొందరికి బూటు పాలిష్ వాసనలా అనిపిస్తుంది. వాసన హాయిగా వుండడమే దీనిలోని మోసం.

పెట్రోలియం నుంచి, బొగ్గు తారు నుంచి వచ్చే బెంజీన్ అనే ద్రవానికి నత్రికామ్లం, గంధకామ్లం కలిపితే ఇది తయారవుతుంది. బెంజీన్‌లో ఆరు కర్బన పరమాణువులు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడినట్టు వుంటాయి. ఆ గుండ్రానికి ఒకచోట నత్రజని, ప్రాణవాయువు కలిసిన నైట్రో ముక్క అతుక్కుంటుంది. ఇలాంటి గుండ్రానికి నైట్రో ముక్కలు తగిలించుకున్న పదార్థాలన్నీ ఒక కుటుంబం. వాటిని నైట్రో ఆరోమాటిక్ పదార్థాలంటారు. ఆ కుటుంబంలో అందరికంటే సాదాసీదా మనిషి ఈ నైట్రోబెంజీన్.

దీన్ని 1834లో జర్మనీ రసాయనవేత్త మిట్షర్లిక్ తయారు చేశాడు. కొన్నాళ్ళకు "మిర్బేన్ నూనె" అనే ముద్దుపేరుతో ఫ్రాన్సులో అత్తరు వ్యాపారుల చేతికి వచ్చింది. అసలు బాదం నూనె ఖరీదు కనక, చవక సబ్బుల్లో వాసన కోసం దీన్ని కలిపారు. మనుషులు ఒంటికి రుద్దుకున్నారు!

తర్వాత ఇంకో దారి పట్టింది. 1854లో బెషాంప్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇనుప రజను, ఆమ్లంతో నైట్రోబెంజీన్‌ను తేలిగ్గా అనిలీన్‌గా మార్చవచ్చని చూపాడు. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే 18 ఏళ్ళ కుర్రాడు మలేరియాకు క్వినైన్ తయారు చేయబోయి అనిలీన్ నుంచి ఊదారంగు అద్దకం సంపాదించాడు. అక్కడినుంచి కృత్రిమ రంగుల పరిశ్రమ పుట్టింది. దాని దెబ్బ తెలుగు నేల మీద కూడా పడింది. కడప, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లో నీలిమందు పండించి తొట్లలో నానబెట్టి ఎగుమతి చేసేవారు. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిమందును బజారులో పెట్టింది. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే అనిలీన్ నుంచి ఇంకా చవకగా తీసే పద్ధతి వచ్చింది. మన నీలి తొట్లు ఎండిపోయాయి.

ఈనాటికీ ప్రపంచంలో తయారయ్యే నైట్రోబెంజీన్‌లో 90 శాతానికి పైగా అనిలీన్ కోసమే పోతుంది. ఆ అనిలీన్‌లో పెద్ద వాటా ఫ్రిజ్ గోడల్లో వుండే గట్టి నురుగు వంటి వాటి తయారీకి వెళుతుంది. మిగిలిన కొద్దిలో కొంత మన చేలకు చేరుతోంది.

నెత్తురులో తుప్పు

నెత్తురు ఎర్రగా వుండడానికి కారణం హిమోగ్లోబిన్. అందులో ఇనుము వుంది. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును ఎక్కించుకుని, ఒళ్ళంతా తిరిగి దించి రావడం దాని పని. బస్తాలు మోసే కూలీ లాంటిది. నైట్రోబెంజీన్ కడుపులోకి పోయాక పేగుల్లోని సూక్ష్మజీవుల వల్లా, కాలేయం వల్లా వేరే పదార్థాలుగా మారుతుంది. అవి నెత్తురులోకి దిగి హిమోగ్లోబిన్‌లోని ఇనుమును తుప్పు పట్టిస్తాయి. తుప్పు అంటే మరీ సూటైన పోలిక కాదు గాని, రైతుకు అర్థం కావడానికి అది చాలు. ఇనుము ఒక మెట్టు మారుతుంది. అలా మారిన హిమోగ్లోబిన్‌కు మెథ్‌హిమోగ్లోబిన్ అని పేరు. అది ప్రాణవాయువును మోయలేదు.

ఇంకో చిక్కు కూడా వుంది. తుప్పు పట్టని మిగతా హిమోగ్లోబిన్ మోసుకెళ్ళిన బస్తాను దించకుండా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో మనిషి ఊపిరి పీలుస్తూనే వున్నా ఒంట్లోని భాగాలకు ప్రాణవాయువు అందదు. మెదడు, గుండె ముందుగా అలమటిస్తాయి.

ఆరోగ్యవంతుడి నెత్తురులో కూడా ఈ మెథ్‌హిమోగ్లోబిన్ ఒక శాతం వరకూ వుంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు బాగుచేసే ఏర్పాటు ఒంట్లోనే వుంది. అది 10, 15 శాతం దాటితే పెదవులు, గోళ్ళు, నాలుక నీలంగా మారతాయి. 20 దాటితే తలనొప్పి, నీరసం, ఆయాసం, గుండెదడ మొదలవుతాయి. 50 దాటితే మగత, ఫిట్సు, స్పృహ తప్పడం. 70 దాటిన తర్వాత మనిషి దక్కడం కష్టం. పసిపిల్లల్లో ఆ బాగుచేసే ఏర్పాటు ఇంకా బలపడి వుండదు కనక వారికి ముప్పు మరీ ఎక్కువ.

ఇదంతా వెంటనే జరగదు. నైట్రోబెంజీన్ ఒంట్లో మారి పనిచేయడానికి వ్యవధి పడుతుంది. తరచుగా గంట నుంచి నాలుగు గంటల వరకు ఏమీ కానట్టే వుండి, ఆ తర్వాత రంగు మారడం మొదలవుతుంది. కొందరిలో ఇంకా ఆలస్యం కావచ్చు. "తాగి గంటయింది, ఏమీ కాలేదు, అది ఉట్టి టానిక్కేలే" అని ఇంట్లోనే పడుకోబెట్టే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

పిచికారీ చేసేవారి సంగతి

తాగితేనే ప్రమాదం అనుకోరాదు. నైట్రోబెంజీన్ చర్మం గుండా తేలికగా ఒంట్లోకి దిగుతుంది. దాని ఆవిరి ఊపిరి గుండానూ, చర్మం గుండానూ పోతుంది. ఎండలో చెమట పట్టిన ఒళ్ళయితే ఇంకా త్వరగా పోతుంది.

ఇందుకు పాత సాక్ష్యాలు చాలా వున్నాయి. 20వ శతాబ్దం తొలి రోజుల్లో పడమటి దేశాల్లో బూట్లకు వేసే నల్లరంగులో అనిలీన్, నైట్రోబెంజీన్ వుండేవి. రంగు తడి ఆరకముందే బూట్లు తొడుక్కుని బయలుదేరినవారు దారిలో నీలంగా మారి పడిపోయిన సంగతులు వైద్య గ్రంథాల్లో వున్నాయి. మనవాళ్ళు బట్టలకు జీడిగింజ రసంతో గుర్తు పెట్టినట్టే అక్కడి ఆస్పత్రుల్లో పసిపిల్లల గుడ్డలకు సిరాతో ముద్ర వేసేవారు. ఆ సిరాలో అనిలీన్ వుండేది. ఉతకకుండా చుట్టిన గుడ్డలవల్ల పురిటి పిల్లలు నీలంగా మారిన ఉదంతాలూ వున్నాయి. తాగలేదు, పీల్చలేదు. ఒంటికి తగిలింది, అంతే.

మరి మన చేలలో జరుగుతున్నదేమిటి? సీసా మూతతో కొలిచి, డ్రమ్ములో పోసి, చేత్తోనే కలిపేవారు ఇంకా వున్నారు. నీళ్ళలో కలిపాక మందు పలచబడుతుంది నిజమే. కాని కొలిచేటప్పుడు చేతిమీద ఒలికేది పలచనిది కాదు, అసలు సరుకు. వీపుమీద పంపు కారుతూ చొక్కా తడుస్తూ వుంటే సాయంత్రం దాకా అదే చొక్కాతో వుంటారు. బిందెలతో నీళ్ళు మోసి పోసే ఆడకూలీల చీర కుచ్చెళ్ళు తడుస్తాయి. వారికి తొడుగులు కావాలని అడిగేవారే లేరు.

మందు కలిపేటప్పుడు రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. గాలికి ఎదురుగా పిచికారీ చేయరాదు. ఒంటిమీద పడితే తడిసిన బట్ట వెంటనే విప్పి సబ్బుతో, ధారగా నీళ్ళతో కడగాలి. తోలు చెప్పులు, తోలు బెల్టు మీద అసలు మందు ఒలికితే వాటిని పారేయడమే మేలు. తోలు దాన్ని పీల్చుకుని, కడిగినా వదలకుండా, రోజూ ఒంటికి ఇస్తూనే వుంటుంది.

ఇక సాయంత్రం మాట. మందుకొట్టిన అలసట తీరడానికి కల్లో, సారాయో పుచ్చుకోవడం చాలాచోట్ల అలవాటు. నైట్రోబెంజీన్ విషయంలో ఇది నిప్పుమీద కిరసనాయిలు పోసినట్టే. సారాయి పడితే దాని విషప్రభావం పెరుగుతుందని వైద్య గ్రంథాలు గట్టిగా చెబుతున్నాయి. పిచికారీ చేసిన రోజు తలనొప్పి, పెదవులు నల్లబడడం కనిపిస్తే ఎండదెబ్బ అని తోసేయకూడదు.

ఒకే కొట్టు, వేరు వేరు విరుగుళ్ళు

పల్లెల్లో విషం తాగిన మనిషి అంటే డాక్టర్లకు ముందు గుర్తుకు వచ్చేది పురుగుమందు. అందులోనూ భాస్వరం జాతి పురుగుమందులు. వాటికి విరుగుడు అట్రోపిన్ సూది. ఈ సంగతి చిన్న ఆస్పత్రుల్లో కూడా తెలుసు, మందూ వుంటుంది.

ఆ జాతి మందుల్లో నైట్రోబెంజీన్ చుట్టం ఒకటుంది. పెద్దవయసు రైతులకు ఫాలిడాల్ పేరు బాగా గుర్తే. పారాథియాన్, మిథైల్ పారాథియాన్ ఆ పేరుతోనే ఊరూరా చేరాయి. వాటి నిర్మాణంలోనూ ఒక చివర నైట్రో ముక్క తగిలిన గుండ్రమే వుంటుంది. 1958లో కేరళలో, ఓడలో తిండి సరుకుల దగ్గర పెట్టిన ఫాలిడాల్ కారి సరుకులో కలిసింది. అది తిన్నవారిలో వందమందికి పైగా చనిపోయారు. దేశానికి పురుగుమందుల చట్టం 1968లో రావడానికి ఆ ఘోరమే ప్రధాన కారణం. మిథైల్ పారాథియాన్‌ను మాత్రం 2018 ఆగస్టులో గాని పూర్తిగా నిషేధించలేదు.

ఇవి చంపే దారి వేరు. పారాథియాన్‌లో భాస్వరం వున్న భాగం నరాలమీద పనిచేస్తుంది. నోటివెంట నురగ, చెమటలు, కళ్ళలో పాప సూదిమొనలా చిన్నదవడం, కండరాలు అదరడం దాని గుర్తులు. నైట్రోబెంజీన్ నెత్తురు మీద పనిచేస్తుంది. నీలి పెదవులు, చాక్లెట్ రంగు నెత్తురు దాని గుర్తులు. కాబట్టి అట్రోపిన్ ఎన్ని సూదులు ఎక్కించినా నైట్రోబెంజీన్ తాగినవారి నెత్తురు ఎర్రబడదు. గంటలు మాత్రం గడిచిపోతాయి. "ఏదో పురుగుమందు తాగాడండీ" అని చెప్పి చేర్పించినప్పుడు జరిగే అనర్థం ఇది. నోటి మాట కాదు, సీసా వెంట తీసుకుపోవాలి. సీసా కనిపించకపోతే కొన్న కొట్టుకు ఫోను చేసి పేరు, లోపలి సరుకు అడిగి రాసుకోవాలి.

ఆక్సిజన్ పెట్టినా నీలం తగ్గని రోగిని చూస్తే డాక్టర్లు ఈ విషాన్ని అనుమానిస్తారు. కరోనా రోజుల్లో వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటరు అందరికీ తెలుసు. ఈ విషంలో ఆ యంత్రం అంకె తరచుగా 85 దగ్గర నిలిచిపోతుంది. లోపల పరిస్థితి ఇంకా దిగజారినా అది అక్కడే వుంటుంది. తుప్పు పట్టిన హిమోగ్లోబిన్‌ను గుర్తుపట్టే వివరం ఆ చిన్న యంత్రానికి లేదు. అందుకే "85 వుంది, ఫరవాలేదు" అనుకోవడానికి వీల్లేదు. ఇంతకంటే సులువైన పరీక్ష వుంది. తెల్ల కాగితంమీద రోగి నెత్తురు చుక్క, పక్కన మంచి మనిషి నెత్తురు చుక్క వేసి గాలికి వుంచితే మంచి నెత్తురు ఎర్రబడుతుంది. ఇది గోధుమరంగులోనే వుండిపోతుంది. పెద్ద యంత్రాలు లేని ఆస్పత్రిలో కూడా డాక్టరు చేయగల పరీక్ష ఇది.

విషం వంశంలోనే విరుగుడు

దీనికి విరుగుడు మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు ద్రావణం. నరానికి ఎక్కిస్తారు. కిలో బరువుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల లెక్కన, నెమ్మదిగా. ఒంట్లోని బాగుచేసే ఏర్పాటుకు అది ఊతం ఇచ్చి, తుప్పు పట్టిన ఇనుమును తిరిగి మామూలు స్థితికి తెస్తుంది. సరిగా పనిచేస్తే గంటలోపే పెదవుల రంగు తిరుగుతుంది.

ఈ మందు పుట్టుక విచిత్రం. 1876లో జర్మనీలో హైన్రిక్ కారో అనే రసాయనవేత్త దీన్ని బట్టలకు అద్దే రంగుగా తయారు చేశాడు. దేని నుంచి? అనిలీన్ నుంచి తీసిన పదార్థం నుంచి. అనిలీన్ వచ్చేది నైట్రోబెంజీన్ నుంచి. అంటే విషానికి మునిమనవడే విరుగుడు అయ్యాడు. 1930ల నుంచి ఈ విషానికి డాక్టర్లు దీన్ని వాడుతున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. నీలిరంగు మందు అనగానే బట్టలకు పెట్టే నీలం కలిపి తాగించేవారు వుండవచ్చు. అది ఇది కాదు. రెంటికీ సంబంధం లేదు. అసలు మిథిలీన్ బ్లూ కూడా మోతాదు మించితే అదే జబ్బును తెస్తుంది. ఇంకా కొందరికి పుట్టుకతోనే జి-6-పి-డి అనే ఎంజైము తక్కువ వుంటుంది. వారికి ఇది ఇస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. కుటుంబంలో అలాంటి లోపం వుందని ఎప్పుడైనా డాక్టరు చెప్పి వుంటే ఆ మాట ముందే చెప్పాలి. అలాంటివారికి విటమిన్ సి, రక్తమార్పిడి వంటి వేరే దారులు వున్నాయి. మందు ఎక్కించాక మూత్రం పచ్చగానో నీలంగానో వస్తుంది. చూసి బంధువులు కంగారు పడనక్కర్లేదు.

రంగు తిరిగింది కదా అని ఆ రాత్రికే ఇంటికి తెచ్చేసుకోవడం మాత్రం ప్రమాదం. నైట్రోబెంజీన్ ఒంట్లోని కొవ్వులో దాక్కుని, నెమ్మదిగా మళ్ళీ నెత్తురులోకి వస్తుంది. తగ్గిన నీలం తిరగబెట్టవచ్చు. మళ్ళీ మందు ఎక్కించాల్సి రావచ్చు. కొన్ని రోజుల తర్వాత ఎర్రకణాలు పగిలి రక్తం తగ్గిపోవడం కూడా వుంది. డాక్టరు పంపేదాకా వుండాలి. ఇంటికి వచ్చాక వారం లోపల మూత్రం నల్లగా వచ్చినా, కళ్ళు పచ్చబడినా మళ్ళీ వెళ్ళాలి.

అంబులెన్సు వచ్చేలోగా

మన పల్లెల్లో విషం తాగిన మనిషికి మొదట చేసే పనులు కొన్ని వున్నాయి. ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు, పేడనీళ్ళు పట్టి కక్కించడం. పాలు పోయడం. ఆముదం, నెయ్యి తాగించడం. ఇందులో ఒక్కటీ ఈ విషానికి పనికిరాదు, పైగా హాని. కక్కించబోతే నూనెలాంటి ఈ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు, నెయ్యి, ఆముదం వంటి కొవ్వు పదార్థాలు తాగిస్తే విషం వాటిలో కరిగి ఇంకా తేలికగా నెత్తురులోకి దిగుతుంది. పెద్దవాళ్ళు ప్రేమతో చేసే పనే ప్రాణంమీదికి తెస్తుంది.

చేయవలసింది తక్కువే. బట్టలు విప్పి ఒళ్ళు సబ్బుతో కడగడం, స్పృహ తగ్గితే పక్కకు తిప్పి పడుకోబెట్టడం, 108కి ఫోను చేయడం, సీసా సంచిలో వేసుకోవడం. కడిగేవారు కూడా చేతికి తొడుగో, ప్లాస్టిక్ సంచో వేసుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్ ఆస్పత్రిలోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత ఫోను నంబరు 1800-116-117. ఏ విషానికి ఏ చికిత్స అన్నది డాక్టర్లు కూడా అక్కడ అడుగుతారు. క్షణికావేశంలో సీసా ఎత్తబోయే మనిషి ఇంట్లో వుంటే, మనసు విప్పి మాట్లాడేందుకు టెలి మానస్ 14416 వుంది. ఆ సీసాను ఇంటినుంచి తీసేయడం అన్నిటికంటే ముందు.

పూత ఎందుకు రాలుతుంది?

అసలు పూత రాలినప్పుడల్లా ఈ సీసా కొనాలా? పూత పెరిగిందని చెప్పే ప్రయోగాలు, చెప్పే రైతులు వున్నారు. కాని పూత రాలడానికి కారణాలు అనేకం. రాత్రి చలి, పగటి ఎండ హెచ్చడం, నీటి ఎద్దడి, నీరు నిలవడం, యూరియా ఎక్కువై మొక్క ఏపుగా పోవడం, బోరాన్ తక్కువ కావడం, తామర పురుగు, నల్లి. 2021-22లో నల్ల తామర పురుగు మన మిరప తోటలమీద పడి పూతలోనే చేరి రసం పీల్చి పూలను రాల్చింది. ఎందరో రైతులు పంటను కోల్పోయారు. పువ్వు లోపల పురుగు వున్నప్పుడు పూతమందు ఎన్నిసార్లు కొట్టినా ఖర్చే తప్ప పూత నిలవదు. పువ్వును కోసి తెల్ల కాగితంమీద దులిపి చూస్తే కారణం కళ్ళ ముందే కదులుతుంది. కొట్టుకు వెళ్ళేముందు చేయవలసిన పని అది.

మిరపలో పూత రాలకుండా వ్యవసాయ శాస్త్రవేత్తలు సిఫారసు చేసేది ప్లానోఫిక్స్ వంటి హార్మోను మందు, 4.5 లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు. అదీ కారణం చూసుకున్నాకే. ఇది నైట్రోబెంజీన్ కాదు. రెండింటినీ ఒకటిగా చెప్పి అమ్మేవారి మాట నమ్మరాదు. లాం ఫారంలోనో, మండల వ్యవసాయాధికారి దగ్గరో అడిగితే చెబుతారు.

ఈ కుటుంబం అంతా ఇంతే ప్రమాదమని కూడా అనుకోనక్కర్లేదు. కలుపు మొలవకుండా విత్తగానే కొట్టే పెండిమెథాలిన్‌లో రెండు నైట్రో ముక్కలు వున్నాయి. చేతికి, పంపుకు పట్టి వదలని ఆ పసుపు రంగు వాటి గుర్తే. అది నైట్రోబెంజీన్ అంత విషం కాదు. మూడు నైట్రో ముక్కలు చేరితే కథ మారుతుంది. తుపాకి గుండ్లలో, బాంబుల్లో నింపే టి.ఎన్.టి. అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లాండులో గుండ్లు నింపిన ఆడవాళ్ళ ఒళ్ళు, జుట్టు పసుపుపచ్చగా మారాయి. వాళ్ళను పిచ్చుకలాంటి ఒక పసుపు పిట్ట పేరుతో పిలిచేవారు. వారిలో కొందరు కాలేయం చెడి పచ్చకామెర్లతో చనిపోయారు.

సీసామీద ఏముంది?

పురుగుమందు డబ్బామీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగు గుర్తు వుండాలని చట్టం. చదువురాని కూలీకి కూడా విషం ఎంత తీవ్రమో ఆ రంగు చెబుతుంది. విరుగుడు ఏమిటో కూడా రాయాలి. పూతమందులు చాలాకాలం ఈ చట్టం కిందికి రాకుండానే అమ్ముడయ్యాయి. అందుకే చాలా సీసాలమీద రంగు గుర్తు గాని, విరుగుడు పేరు గాని కనిపించదు. పూల బొమ్మలే కనిపిస్తాయి. పంటకు ఉత్తేజం ఇచ్చే ఈ తరహా సరుకులను జీవ ఉత్ప్రేరకాలన్న పేరుతో కేంద్రం 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. అమ్మేవారు అనుమతి పత్రం చూపాలి. రైతు బిల్లు అడగాలి, బిల్లుమీద సరుకు పేరు రాయించుకోవాలి. నైట్రోబెంజీన్ అన్న మాట బిల్లుమీద వుంటే, అవసరమైన రోజున డాక్టరుకు ఆ కాగితమే దారి చూపుతుంది.

ఖాళీ సీసాల సంగతి మరో మాట. మూత గట్టిది, సీసా అందమైనది అని కిరసనాయిలుకు, వంటనూనెకు, పిల్లల బడికి నీళ్ళు పంపడానికి వాడే ఇళ్ళు ఇంకా వున్నాయి. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ లోపల పట్టిన నైట్రోబెంజీన్ పూర్తిగా పోదు. మందు కలిపిన రోజే సీసాను మూడుసార్లు నీళ్ళతో తొలిచి, ఆ నీళ్ళు పంపులోనే పోసి, సీసా అడుగున మేకుతో చిల్లి పెట్టాలి.